కారు మీద మంచె... కోనసీమకి పనికొస్తుందా?

రీల్స్‌లో చూస్తే భలే ఉంటుంది. కారు ఆగుతుంది. పైనున్న పెట్టె తెరుచుకుంటుంది. నిచ్చెన కిందికి దిగుతుంది. కాసేపట్లో ఇల్లు రెడీ! పొద్దున్నే జిప్ తీస్తే ఎదురుగా గోదారి. ‘మనకీ ఒకటి ఉంటే వీకెండ్‌కి కోనసీమ చెక్కేయొచ్చు కదా’ అనిపించడం సహజం. కాకపోతే మంచి రూఫ్‌టాప్ టెంట్ కొనాలంటే లక్ష రూపాయలు అటూ ఇటూగా పెట్టాలి. అంత డబ్బు పెట్టేముందు అమలాపురం, రాజోలు, కొత్తపేట వైపు నేల ఎలాంటిదో, గాలి ఎలాంటిదో ఒకసారి చూసుకుందాం.

మనకి కొత్తేం కాదు

పేరు ఇంగ్లిష్‌ది కానీ ఐడియా మన రైతుదే. పంటకి కాపలా కాసేవాళ్లు నాలుగు గుంజలు పాతి మంచె కట్టుకుని పైన పడుకునేవాళ్లు. చుట్టూ కనపడాలి, కింద పురుగూ పుట్రా తగలకూడదు... అంతే లెక్క. రూఫ్‌టాప్ టెంట్ చేసేదీ అదే. కాకపోతే గుంజల బదులు కారు.

కోనసీమలో ఈ ఎత్తుకి నిజంగానే విలువ ఉంది. గౌతమి, వశిష్ఠ, వైనతేయ పాయల మధ్య గోదారి తెచ్చి పోసిన ఒండ్రు నేల ఇది. కాస్త తవ్వితే నీళ్లు. వాన పడితే బురద, పడకపోయినా తేమ. నేల మీద టెంట్ వేస్తే తెల్లారేసరికి అడుగు చెమ్మగిల్లుతుంది. పైగా పాముల భయం. కట్లపాము కాట్లు ఎక్కువగా రాత్రిపూట నేల మీద పడుకున్నవాళ్లకే పడతాయని డాక్టర్లు చెబుతారు. ఆరడుగుల ఎత్తున, జిప్ వేసుకుని పడుకుంటే ఆ భయం చాలావరకు పోతుంది. దోమలు మాత్రం ఎత్తుకి భయపడవు. సన్న కళ్ల జాలీ ఉండాల్సిందే.

కొబ్బరి చెట్టు కింద వద్దు బాబోయ్

కోనసీమ అనగానే కొబ్బరి తోట. తోటలో కారు ఆపి, పైన టెంట్ తెరిస్తే ఫొటో అదిరిపోతుంది. కానీ ఆ ఫొటోయే అన్నిటికంటే ప్రమాదం. ఎండిన కాయ, మట్ట ఎప్పుడు రాలతాయో చెప్పలేం. అంత ఎత్తు నుంచి కిలోకి పైగా బరువున్న కాయ పడితే టెంట్ గుడ్డ ఏం ఆపుతుంది? మామూలు టెంట్‌ని నాలుగడుగులు పక్కకి జరుపుకోవచ్చు. ఇక్కడ కారే జరగాలి. అందుకే తోటలో ఆపినా, తలెత్తి చూస్తే ఆకాశం మాత్రమే కనిపించే చోటు వెతుక్కోండి. కళ్లం, ఇంటి ముందు వాకిలి, తోట అంచు అయితే మేలు. కరెంటు తీగలు లేకుండా కూడా చూసుకోవాలి.

మీ కారు మోస్తుందా?

చాలామంది చూడని లెక్క ఇది. కారు మాన్యువల్‌లో రూఫ్ లోడ్ అని ఒక అంకె ఉంటుంది. కారు నడుస్తున్నప్పుడు పైన ఎంత బరువు పెట్టొచ్చో అది చెబుతుంది. మీ కారుకి అది 75 కిలోలు అనుకుందాం. టెంట్ 60 కిలోలు. దాన్ని బిగించే అడ్డ బార్లు, క్యారియర్ కలిపి ఇంకో 20. మొత్తం 80. అంటే గీత దాటేశాం! చిన్న కార్లలో చాలావాటికి ఈ పరిమితి 50 కిలోల దగ్గరే ఉంటుంది. వాటి మీద ఇద్దరు పట్టే టెంట్ పెట్టడం కుదరదు.

‘మరి ఇద్దరం ఎక్కి పడుకుంటే 140 కిలోలు కదా, అదెలా మోస్తుంది?’ అని అడగొచ్చు. ఆగి ఉన్న కారు చాలా ఎక్కువ మోయగలదు. నడుస్తున్నప్పుడే మలుపులు, గుంతలు, బ్రేకుల వల్ల ఆ బరువు ఊగి కారుని లాగుతుంది. అందుకే నడిచేటప్పటి అంకె అంత తక్కువ. ఆగి ఉన్నప్పటి పరిమితి కూడా కారు, బార్లు, టెంట్ మూడింటికీ విడివిడిగా కనుక్కోండి. సన్‌రూఫ్ ఉంటే ఇంకాస్త జాగ్రత్త.

ఎత్తు సంగతీ చూడండి. ఎస్‌యూవీ మీద మడిచిన టెంట్ ఎక్కితే ఏడడుగులు దాటిపోవచ్చు. మీ అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోకి కారు దిగుతుందా? దిగకపోతే ప్రతి ట్రిప్‌కీ 60 కిలోల పెట్టెని ఎక్కించి దించడానికి ఇద్దరు మనుషులు కావాలి.

గట్టు దారులు, పంటు

రావులపాలెం దగ్గర హైవే దిగగానే కథ మారుతుంది. ఒకపక్క కాలువ, ఇంకోపక్క చేలు, మధ్యలో సన్న రోడ్డు. ఊళ్లలోకి వెళితే వంగిన మట్టలు, కిందికి వేలాడే తీగలు. పైన బరువున్న కారు మలుపుల్లో ఒరుగుతుంది కాబట్టి ఇక్కడ నిదానమే ప్రధానం. నరసాపురం నుంచి సఖినేటిపల్లికి పంటు మీద గోదారి దాటి అంతర్వేది వెళ్లాలనుకుంటే, ఎక్కే ముందు కారు ఎత్తు, బరువు పంటువాళ్లకి చెప్పండి. వద్దనుకుంటే చించినాడ వంతెన మీదుగా దిండి చేరి, రాజోలు వైపు నుంచి వెళ్లొచ్చు.

ఇంకో చిక్కు. కోనసీమలో చూసేవన్నీ దగ్గరదగ్గరగానే ఉంటాయి. పొద్దున అయినవిల్లి, మధ్యాహ్నం అప్పనపల్లి, సాయంత్రం ఓడలరేవు అనుకుంటాం. టెంట్ తెరిచాక కారు కదలదు. టీ తాగి రావాలన్నా మడవాల్సిందే. ఒకేచోట మూడు రోజులు ఉండి చుట్టూ తిరిగేవాళ్లకి ఇది విసుగు. రోజుకో ఊరు మారేవాళ్లకి హాయి.

గాలి, మంచు, వాన

ఓడలరేవు, ఎస్.యానాం, అంతర్వేది తీరాల్లో సముద్రపు గాలి గట్టిగా కొడుతుంది. ఎత్తు మీదున్న టెంట్‌కి అది ఇంకా ఎక్కువ తగులుతుంది. రాత్రంతా గుడ్డ టపటపలాడుతుంటే నిద్ర ఎక్కడ పడుతుంది? తీరానికి కాస్త లోపల, గాలికి అడ్డు ఉన్నచోట ఆపండి. ఇసుకలోకి కారు దింపకండి. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో పోటు ఎక్కువ ఉంటుంది కాబట్టి నీటి అంచున అసలే వద్దు.

జులై నుంచి సెప్టెంబరు దాకా వరదల కాలం. పులస కోసం వచ్చేది అప్పుడే అయినా, లంకల్లో క్యాంపింగ్ మాత్రం వద్దు. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. వెళ్లేముందు ఆ వార్త చూసుకోండి. అక్టోబరు, నవంబరు తుపాన్లవి. 1996 నవంబరు 6న వచ్చిన తుపాను ఇక్కడి కొబ్బరి తోటల్ని ఎలా నేలకూల్చిందో పెద్దవాళ్లని అడిగితే చెబుతారు. ఉరుములు మొదలైతే టెంట్ దిగి, కారు లోపల తలుపులు వేసుకుని కూర్చోండి.

డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి బాగుంటాయి. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం కూడా కలిసొస్తుంది. కానీ తెల్లవారుజామున మంచు బాగా కురుస్తుంది. వాన లేకపోయినా టెంట్ తడుస్తుంది. తడిగా మడిస్తే బూజు ఖాయం. ఇంటికెళ్లాక మళ్లీ తెరిచి ఆరబెట్టాలి. దానికి మీకు డాబా ఉందా? టెంట్ లోపల స్టవ్వు గానీ, దోమల కాయిల్ గానీ వెలిగించొద్దు.

అడిగితే కాదనరు

ఆ చేలు, తోటలు అన్నీ ఎవరో ఒకరివి. చీకటి పడకముందే రైతుని అడగండి. ‘కారు మీద మంచె కట్టేరేంటండి, ఆయ్!’ అని నవ్వి, చోటు చూపించినా చూపిస్తారు. బావి, బాత్రూమ్ సంగతి కూడా అప్పుడే మాట్లాడుకోవచ్చు. పొద్దున వెళ్లేటప్పుడు మన చెత్త మనతోనే పోవాలి.

ఇక డబ్బు లెక్క

లక్ష రూపాయల టెంట్‌ని ఏడాదికి 6 రాత్రుల చొప్పున ఐదేళ్లు వాడితే 30 రాత్రులు. రాత్రికి 3,300 రూపాయల పైమాటే. ఆ డబ్బుతో అమలాపురంలో ఏసీ గది వస్తుంది. అదే ఏడాదికి 25 రాత్రులు వాడితే రాత్రికి 800. అప్పుడు గిట్టుబాటే. అందుకే ఒక్క కోనసీమ కోసమే అయితే కొనకండి. అరకు, మారేడుమిల్లి, నల్లమల అంటూ ఏడాదంతా తిరుగుతూ, మధ్యలో ఇక్కడా ఆగేవాళ్లయితే ఆలోచించొచ్చు.

అమ్మానాన్నల్ని తీసుకెళ్లేవాళ్లు ఇంకోటి ఆలోచించాలి. మోకాళ్ల నొప్పులతో అర్ధరాత్రి బాత్రూమ్‌కి నిచ్చెన దిగడం వాళ్లవల్ల కాదు. చిన్నపిల్లలతోనూ అదే భయం. వాళ్లకి దిండిలో హౌస్‌బోటో, గదో చూసి, మీరు పక్కన టెంట్ వేసుకోండి.

కొనేముందు ఒక రాత్రి అద్దెకి తీసుకుని పడుకుని చూడండి. దొరక్కపోతే నాలుగైదు వేలలో మంచి నేల టెంట్, మందపాటి టార్పాలిన్, మడత మంచం తెచ్చుకుని ఒక చలికాలం తిరగండి. ఆ తర్వాత కూడా ‘ఇంకాస్త ఎత్తున పడుకుంటే బాగుణ్ణు’ అనిపిస్తే, అప్పుడు లక్ష తీయొచ్చు. గోదారి అప్పటికీ అక్కడే ఉంటుంది.