కరిగిన ముద్దలోకి కిటికీ

జంతికల గొట్టం తెలియని తెలుగువాళ్ళుండరు. పిండి పెట్టి నొక్కితే చిల్లుల బిళ్ళలోంచి తీగలు దిగుతాయి. ప్లాస్టిక్ ఎక్స్‌ట్రూడర్ చేసే పనీ అదే. పిండికి బదులు గ్రాన్యూల్స్, నొక్కే చేతికి బదులు బ్యారెల్‌లో తిరిగే స్క్రూ, చివర డై. కాకపోతే పిండిలో నీళ్ళు చాలాయో లేదో అమ్మ వేలితో నొక్కి చెప్పేస్తుంది. 180 డిగ్రీల వేడిలో, అంత ఒత్తిడిలో కదిలే ముద్దలో వేలు పెట్టేదెవరు?

2018 వేసవిలో ట్రైనింగు పేరుతో ఒక పాలిథిన్ ఫిల్మ్ ఫ్యాక్టరీలో ఆరు వారాలున్నాను. పేరెందుకు లెండి. ఒక నైట్ షిఫ్టులో ఫిల్ము నిండా చుక్కలు పడ్డాయి. ఆ పనివాళ్ళు వాటిని 'ఫిష్ ఐ' అంటారు. తెల్లారేసరికి ఆరు రోల్స్ స్క్రాపు. వేడి ఎక్కువ పెట్టి మాడ్చావని మేస్త్రీ గారి మీద పడ్డారు.

"నేను వేడి ముట్టుకోలేదు బాబూ. పన్నెండున్నరకి కొత్త బస్తా విప్పాం. అప్పట్నుంచే మొదలైంది" అన్నాడాయన నాతో. ఆ బస్తా రీసైకిల్డ్ సరుకు. నూనె ప్యాకెట్లలాంటి పొరల ఫిల్ములో నైలాన్ ఉంటే అది 220 డిగ్రీలకి గానీ కరగదు. 180లో పలుకులుగా మిగిలిపోతుంది. ఆయన మాట నిజమే కావచ్చు. కానీ రుజువేదీ? ల్యాబులో ఉన్న పరీక్షల్లా 190 డిగ్రీల దగ్గర, 2.16 కిలోల బరువు కింద, పది నిమిషాల్లో ఎన్ని గ్రాములు కారిందో తూచడం. చుక్క ఎప్పుడు పుట్టిందో అది చెప్పదు. ఆ నెల ఆయన జీతంలో కోత పడింది.

ఎం.టెక్. ప్రాజెక్టుకి నేను ఈ విషయం ఎంచుకోవడానికి కారణం ఆ కోతే.

పద్ధతి వినడానికి తేలికే. డైకి ముందు కరిగిన ముద్ద పారే దారికి రెండువైపులా నీలమణి స్ఫటికంతో చిన్న కిటికీలు బిగిస్తారు. మామూలు గాజు ఆ వేడికీ ఒత్తిడికీ ఆగడం కష్టం. ఒక కిటికీలోంచి ఆప్టికల్ ఫైబరు ద్వారా వెలుగు పంపి, రెండోవైపు ఎంత వచ్చిందో అప్పటికప్పుడు కొలుస్తారు. పలుకు అడ్డొస్తే వెలుగు తగ్గుతుంది. ఆ తగ్గుదల గంట, నిమిషం, సెకనుతో సహా నమోదవుతుంది. పలుకుల్లో ఉన్నది ఏ పదార్థమో కూడా కావాలంటే పరారుణ కాంతో, రామన్ వర్ణపటమో పట్టాలి. చిన్నతనం విశాఖపట్నంలో గడిపిన సి.వి. రామన్ 1928లో కలకత్తాలో కనిపెట్టిన వెలుగే ఇవాళ ఎక్స్‌ట్రూడర్ గొంతులోకి తొంగి చూస్తోందంటే నాకు భలే సరదా.

మా ల్యాబు మిషనులో పాలిథిన్‌తోపాటు గుప్పెడు నైలాన్ తురుము వేశాం. రెండు నిమిషాలు గీత తిన్నగా నడిచింది. ఆ తర్వాత ఒక్కసారిగా గంతులు! హీటర్ల వేడి మాత్రం ఉన్నచోటే ఉంది. మేస్త్రీ గారి చేతిలో ఆ రాత్రి ఇలాంటి కాగితం ఒక్కటుంటే చాలేది.

అన్నిటికీ ఇది పనికొస్తుందని చెప్పను. రైతు పొలంలో వేసే నల్ల పైపులో రెండు మూడు శాతం కార్బన్ బ్లాక్ ఉంటుంది. వెలుగు ఇటునుంచి అటు పోనే పోదు. కిటికీకి మడ్డి అంటుకుంటే సరుకు మంచిదైనా చెడ్డదంటుంది. అప్పుడు మళ్ళీ అనుభవమున్న కన్నే కావాలి.

అసలు పేచీ తెర ఎక్కడ పెడతారన్న దగ్గరుంది. తర్వాత నేను చూసిన ఒక ప్లాంటులో దాన్ని మేనేజరు గదిలో పెట్టారు. డై దగ్గర చెమటలు కక్కే మనిషికి ఎర్రలైటొక్కటే కనిపిస్తుంది. ఎందుకు వెలిగిందో తెలీదు. అలాగైతే అది సాక్ష్యం కాదు, కాపలా. మా ల్యాబులో నేను పట్టుబట్టి తెరని డై పక్కనే, నిలబడ్డ మనిషి కంటికి ఎదురుగా బిగించాను. వేడికి దాని ప్లాస్టిక్ చట్రం కాస్త వంగింది. ఇప్పటికీ అక్కడే ఉంది.