అమ్మ బొట్టు

రంగుల ఫోటోను నలుపు తెలుపు చెయ్యడమంటే రంగు తీసెయ్యడమే గదా, ఉతగ్గా ఉతగ్గా చీర వెలిసినట్టు అదీ వెలుస్తుంది కాబోలు అనుకునేవాణ్ణి. మా యింట్లో జరిగిన సంగతి తరవాత ఆ అభిప్రాయం మార్చుకున్నాను.

మా హాల్లో గోడమీద 1962 నాటి మా అమ్మా నాన్నగార్ల పెళ్లి ఫోటో వుంది. నాన్నగారు కుర్చీలో బిగుసుకుని కూర్చున్నారు. పక్కన నిలబడ్డ అమ్మకు పదహారేళ్లు. నవ్వాలో వద్దో తెలియని ముఖం. నుదుట బొట్టు మాత్రం కాటుకతో దిద్దినట్టు గుండ్రంగా, నల్లగా వుంది.

నిరుడు ఆశ్వయుజంలో అమ్మ పోయింది. ఆబ్దికం దగ్గర పడుతూండగా నాన్నగారు నన్ను పిలిచి, "ఒరే, ఆ ఫోటో పక్కన మీ అమ్మది యీ మధ్యది ఒకటి పెట్టించు. రంగుల్లో వద్దు. దాని పక్కన యిమడాలి" అన్నారు.

అమ్మ పోయే ముందు వచ్చిన సంక్రాంతినాడు మా అమ్మాయి తన సెల్‌ఫోనులో తీసిన ఫోటో ఒకటి వుంది. అమ్మ ముదురాకుపచ్చ పట్టుచీర కట్టుకుంది. మిరపపండు రంగు అంచు. నుదుట పావలాకాసంత కుంకుమ. అంతా బాగానే వుంది గాని, వెనకాల నీలం ప్లాస్టిక్ కుర్చీలు, ఆరేసిన తువ్వాళ్లు, పసుపుపచ్చ బకెట్టు! "నలుపు తెలుపు చేస్తే యీ సంత అంతా అణిగిపోతుంది నాన్నా" అన్నది అమ్మాయి.

మా బావమరిది నవ్వాడు. "1957 నాటి మాయాబజారుకు 2010లో రంగులద్దారు. మీరేమిటి బావగారూ, వున్న రంగులు కడుగుతున్నారు?" అన్నాడు.

అమ్మాయి ఫోనులో ఒక మీట నొక్కింది. కుర్చీలూ, బకెట్టూ నిజంగానే అణిగిపోయాయి. వాటితోపాటు అమ్మ చీర అంచు కూడా అణిగిపోయింది. చీరా అంచూ ఒకే బూడిదరంగు. జరీ లేకపోతే అంచు ఎక్కడ మొదలైందో తెలియదు.

"ఎరుపెక్కడ, ఆకుపచ్చ ఎక్కడ? రెండూ ఒకటెలా అయ్యాయే?" అన్నాను.

అమ్మాయి కాగితం తీసుకుని లెక్క వేసి చూపించింది. ఫోటోలో ప్రతి చుక్కకూ మూడు అంకెలుంటాయట: ఎరుపు యింత, ఆకుపచ్చ యింత, నీలం యింత అని. వాటిని నలుపు తెలుపు చేసేటప్పుడు తరచుగా వాడే లెక్కలో ఎరుపు వాటా నూటికి సుమారు 30, ఆకుపచ్చది 59, నీలానిది 11. మన కంటికి ఆకుపచ్చే ఎక్కువ వెలుగుగా తోస్తుంది కనక దానికి పెద్ద వాటా. అన్నీ కలిపితే వచ్చిన మొత్తమే ఆ చుక్క తెలుపు. ముదురాకుపచ్చకూ, మిరపపండు ఎరుపుకూ మొత్తం దాదాపు ఒకటే వచ్చింది. జీతం వల్ల వచ్చినా, వడ్డీ వల్ల వచ్చినా బ్యాంకు పుస్తకంలో నిలవ ఒకటే అయినట్టు.

"అయితే వాటాలు మార్చరాదూ?" అన్నాను.

మార్చవచ్చునట. ఫోటోను కంప్యూటరులోకి ఎక్కించింది. అందులో రంగు రంగుకూ ఒక మీట వుంది. ఎరుపు మీట పైకి జరిపేసరికి అమ్మ ముఖం వెన్నెల కాసినట్టయింది. ముడతలు మాయం. బుగ్గమీద మచ్చ మాయం. చీరలోంచి అంచు కూడా తెల్లగా విడివడింది. మా ఆవిడ, "అత్తయ్యగారు పదేళ్లు వెనక్కి వెళ్లారండీ!" అన్నది. అదే ఖాయం చేసి, పెద్ద సైజులో అచ్చు వేయించి, పటం కట్టించి తెచ్చాను.

నాన్నగారు పటాన్ని ఒళ్లో పెట్టుకుని చాలాసేపు చూశారు. చివరికి అద్దంమీద, అమ్మ నుదుట వేలు పెట్టి, "బొట్టేదిరా?" అన్నారు.

అందరం వంగి చూశాం. నుదురు నున్నగా, తెల్లగా వుంది. బొట్టు లేదు.

"నేనింకా బతికే వున్నానుగా" అన్నారు నాన్నగారు మెల్లగా. పటం నా చేతికిచ్చి లోపలికి వెళ్లిపోయారు.

మా అమ్మ పసుపు కుంకాలతో వెళ్లిపోవాలని కోరుకున్న మనిషి. అలాగే వెళ్లింది. ఆవిడ కోరుకుని మిగుల్చుకున్నదాన్ని, ముఖం తెల్లగా కనిపించాలని, నేను తుడిచేశాను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మర్నాడు అమ్మాయిని కూర్చోబెట్టుకుని సంగతంతా తెలుసుకున్నాను. మనిషి చర్మం అన్నిటికన్న ఎరుపునే ఎక్కువగా వెనక్కి పంపుతుంది. అందువల్ల ఎరుపు వాటా పెంచితే చర్మం వెలుగుతుంది. కుంకుమా ఎరుపే కనక అదీ వెలిగి, చర్మంలో కలిసిపోయింది. మరి పెళ్లి ఫోటోలో బొట్టు అంత నల్లగా ఎలా వచ్చింది? పాతకాలపు ఆర్థోక్రొమాటిక్ ఫిల్ముకు ఎరుపు దాదాపు కనిపించదు. డార్కురూములో ఎర్రదీపం పెట్టుకుని దాన్ని కడగగలిగింది అందుకే. ఎరుపు కనిపించని ఫిల్ముకు కుంకుమా కాటుకా ఒకటే.

అన్నిటికన్న నన్ను ఆశ్చర్యపరిచింది మరొక సంగతి. మా అమ్మాయి ఫోనులో కెమెరాకు అసలు రంగులే తెలియవట. లోపలి బిళ్లకు తెలిసింది వెలుగు ఎక్కువా తక్కువా అన్నదే. దానిమీద అతి చిన్న రంగు అద్దాలు గళ్లుగా పరిచివుంటాయి. సగం ఆకుపచ్చవి, పావు ఎర్రవి, పావు నీలంవి. కోడక్ కంపెనీలో పనిచేసిన బ్రైస్ బేయర్ అనే ఆయనకు 1976లో ఆ అమరికకు పేటెంటు వచ్చింది. ఏ అద్దంలోంచి ఎంత వెలుగు వచ్చిందో చూసి కంప్యూటరు రంగులు కడుతుంది. అంటే మనం రంగుల ఫోటో అనుకునేదాని వెనక వున్నవి మూడు నలుపు తెలుపు ఫోటోలు. అందులో ఎవరి మాటకు ఎంత విలువ యివ్వాలో మనం చెప్పాలి. చెప్పకపోతే మిషను తన లెక్క తాను వేస్తుంది. దానికి బొట్టుకూ మచ్చకూ తేడా తెలియదు.

అదృష్టం కొద్దీ అమ్మాయి రంగుల ఫోటోను కదపకుండా నకలుమీదే పని చేసింది. కెమెరాలోనే నలుపు తెలుపు పెట్టి మామూలు జేపెగ్ ఫోటో తీసివుంటే రంగులు అప్పుడే పోయేవి. తరవాత ఏ మీట జరిపీ లాభం వుండేది కాదు.

ఈసారి ఎరుపు తగ్గించి, ఆకుపచ్చ పెంచాం. బొట్టు నల్లగా, నిండుగా నిలిచింది. చీర కాస్త తేలి, అంచు ముదురుగా విడివడింది. అయితే దానితోపాటు ముడతలన్నీ తిరిగి వచ్చాయి. బుగ్గమీద మచ్చా వచ్చింది.

"బామ్మ మళ్లీ ముసలిదైపోయింది తాతయ్యా" అన్నది అమ్మాయి భయపడుతూ.

"ముసలిది కాక? అరవై ఏళ్లు వండి పెట్టింది" అన్నారు నాన్నగారు. అని ఒకసారి గోడమీది పదహారేళ్ల పిల్లనూ, ఒకసారి చేతిలో పటాన్నీ చూశారు. "అవును, యిది మీ అమ్మ" అన్నారు.

మేకు నేనే కొట్టాను. ఎత్తు సరిపోయిందో లేదో నాన్నగారు కుర్చీలో కూర్చుని చెప్పారు. నేను స్టూలు దిగుతూంటే పిలిచి, "ఒరే, రేపు నా ఫోటో పెట్టేటప్పుడు మాత్రం ఆ ఎర్రమీటే పైకి జరిపించు. నాకు బొట్టు గొడవ లేదుగా. ముడతలెందుకు?" అన్నారు.

అమ్మ పోయిన తరవాత ఆయన నవ్వడం అదే మొదటిసారి.