టయానికొచ్చే చుట్టం

టైమెంతయింది అని అడిగితే మా మామ్మ గోడ గడియారం చూడదు, టీవీ చూస్తుంది. తాతయ్య పోయాక శ్రీకూర్మంలో ఒక్కర్తే ఉంటోంది. ఆవిడ రోజంతా ఆ టీవీ మీదే నడుస్తుంది.

తెల్లారకముందే ఎస్వీబీసీలో తిరుమల సుప్రభాతం. 2008లో టీటీడీ ఆ ఛానెల్ పెట్టేనాటికి మామ్మ రోజూ కూర్మనాథుడి గుడికి నడిచే వెళ్ళేది. ఇప్పుడు మోకాళ్ళు ఒప్పుకోవట్లేదు, గుడికి పండగలప్పుడే. పొద్దున్న వార్తలు మొదలైతే బీపీ మాత్ర. మధ్యాహ్నం పాత సినిమా సగంలో కునుకు. సాయంత్రం సీరియల్ పాట వినబడేసరికి దీపం పెట్టేసి ఉండాలి.

ఈమధ్య మా బాబాయి కేబుల్ తీసేద్దామన్నాడు. "స్మార్ట్ టీవీ కొంటే అన్నీ ఓటీటీలోనే వస్తాయి కదరా, నువ్వు సెట్ చేసి పెట్టు" అని పని నాకు అప్పజెప్పాడు. ఇంట్లో సాఫ్ట్‌వేర్ వాణ్ణి నేనే మరి! సరే, ముందు మామ్మ ఏం చూస్తుందో చూద్దామని రెండ్రోజులు పక్కనే కూర్చున్నాను.

"సీరియల్ ఎప్పుడు కావాలంటే అప్పుడు చూడొచ్చు మామ్మా" అన్నాను.

"నీ సెల్లులో నువ్వు నొక్కితే వస్తాది. ఇది నేను పిలవకపోయినా టయానికొస్తాది" అంది.

నాకు మాట రాలేదు. మనకి కావాల్సింది ఛాయిస్. ఒంటరిగా ఉన్న మనిషికి కావాల్సింది టైముకి వచ్చే మనిషి.

పైగా ఆ సీరియల్ వీధిలో అందరూ ఒకేసారి చూస్తారు. మర్నాడు అరుగు మీద ఆ కోడలి గురించే పంచాయితీ. ఎవరి ఎపిసోడ్ వాళ్ళది అయితే ఆ కబుర్లుండవు. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టినప్పుడు దూరదర్శన్ పాత రామాయణం మళ్ళీ వేసింది. హిందీ ఒక్క ముక్క రాకపోయినా మామ్మ రోజూ చూసింది. ఊరంతా చూస్తోంది కాబట్టి.

ఇంకోటి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. ముందురోజంతా మామ్మ టీవీ ముందునుంచి కదల్లేదు. తుఫాను ఎక్కడిదాకా వచ్చిందో మాకే ఫోన్ చేసి చెప్పింది.

అన్నిటికంటే పెద్ద సంగతి పక్కింటి పిన్ని చెప్పింది. "పొద్దున్నే సుప్రభాతం వినబడకపోతే ఏటయిందోనని వచ్చి తలుపు కొడతాను బాబూ."

ఏ యాప్‌లోనూ ఈ అలర్ట్ లేదు. బాబాయికి అదే చెప్పాను. కేబుల్ ఉంచాం. నెలనెలా బిల్లు నేనే కడుతున్నాను.

మీ ఇంట్లో పెద్దవాళ్ళ కేబుల్ తీసేసే ముందు ఒక్కరోజు వాళ్ళ పక్కన కూర్చోండి. ఏ ప్రోగ్రాంకి ఏ పని మీద లేస్తున్నారో చూడండి.