పాత కాగితపు వెల

ఇంట పాతవస్తువు కానవచ్చినపుడు పూర్వులను తలచుకొనువారు కొందఱు; దాని వెల యెంతయని తలపోయువారు కొందఱు. ఈ రెండవ తెగలో మేమెన్నడును చేరమని యనుకొనియుంటిమి. నిరుడు కార్తికమాసమున మా గర్వమడగినది. ఆ కథ సోదరీమణులకు కొంత యుపయోగపడునని యిట వ్రాయుచున్నాము.

మా అత్తగారు నిరుడు శ్రావణమున కాలధర్మము నొందిరి. మాసికములు కొన్ని జరిగినపిదప వారి కఱ్ఱపెట్టెను సర్దుచుండగా, వారు నిత్యము చదువుకొను భాగవతగ్రంథము నడుమ రెండు అమెరికా నోట్లు కనబడినవి. ఒకటి ఒక్క డాలరుది, మఱియొకటి రెండు డాలర్లది. పెట్టె యడుగున చిన్న గుడ్డసంచిలో మన పాత అయిదువందల రూపాయల నోట్లు నాలుగుండెను.

డాలరు నోట్ల సంగతి మేమెఱుగుదుము. అమెరికాదేశము 1965లో వలసచట్టమును మార్చినపిదప మనదేశపు వైద్యు లనేకులు అచటికి వెళ్లిరి. వారిలో మా అత్తగారి యన్నగా రొకరు. 1974లో చెల్లెలి పెండ్లికి వచ్చినపుడు పుట్టింటి కానుకగా చీరపై నుంచి యిచ్చిన నోట్లివి. ఏటేట వరలక్ష్మీవ్రతమునాడు ఆమె వీనిని కలశముచెంత నుంచి, డాలరు నోటుపై కుంకుమబొట్టు పెట్టెడివారు.

మావారు బడిపంతులు. జీతము నెలకు సరిపోవునుగాని నెల దాటదు. అత్తగారి వైద్యమునకై మా గాజులు రెండు జతలును బ్యాంకులో కుదువపడియున్నవి. ఇట్టి స్థితిలో పొరుగింటి కుఱ్ఱవాడు తన ఫోనులో నొక ప్రకటన చూపి, “పిన్నిగారూ, పాత డాలరుకు ఏడు లక్షలట!” యనెను. మా మనస్సు మావశమున లేకపోయెను. నోట్లు చక్కగా కనబడవలెనని రెండు డాలర్ల నోటును తడిబట్టతో తుడిచి, ముడుతలు పోవుటకు ఇస్త్రీ చేసి, ఛాయాచిత్రములు తీసి పంపితిమి.

ఆ సాయంకాలమే యెవరో ఫోనుచేసి మిక్కిలి మర్యాదగా మాటలాడిరి. “అమ్మగారూ, మీ యింట లక్ష్మి యున్నదండీ” యనిరి. నమోదుకొఱకు 1,950 రూపాయలు పంపుడనిరి. చీటీకని దాచిన సొమ్ము తీసి పంపితిమి, మావారికి చెప్పలేదు. మఱునాడు పన్నుకొఱకు 14,000 కావలెననిరి. అపుడు గత్యంతరములేక మావారికి చెప్పితిమి. వారు కోపింపలేదు. “కొనువాడు మనకు సొమ్మీయవలెను గాని, మననుండి యేల యడుగును?” అని యొక్కమాట యనిరి. నాల్గవ తరగతి పిల్లవాడడుగవలసిన ప్రశ్న మాకు తోచలేదు. 1930 అను సంఖ్యకు ఫోనుచేసి ఫిర్యాదు వ్రాయించితిమి. సొమ్ము తిరిగి రాలేదు. పాత నోట్లను, నాణెములను కొనుటతోగాని అమ్ముటతోగాని తనకు సంబంధము లేదనియు, అందుకై తానే రుసుమును వసూలుచేయననియు రిజర్వుబ్యాంకు 2021 ఆగస్టులోనే ప్రజలను హెచ్చరించియుండెనని మాకు పిమ్మట తెలిసినది.

అయినను నోట్ల నిజమైన వెల యేమో తెలిసికొనవలెనని మావారు సంకల్పించిరి. వారి పూర్వశిష్యుడొకడు రాజమహేంద్రవరమున నాణెములను నోట్లను సేకరించుచున్నాడు. ఒక యాదివారమునాడు బస్సెక్కి ఆతని యింటికి వెళ్లితిమి. ఆతడు భూతద్దము చేతబట్టి, దేనిని ముందు చూడవలెనో, దేనిని తరువాత చూడవలెనో మాకు బోధించెను. ఆనాడు గురువుగారు శిష్యులైరి.

మొదట చూడవలసినది ముద్ర రంగు. మా ఒక డాలరు నోటుపై ముద్ర నీలము. అది వెండిపత్రము, ఒకప్పుడు దానిని చూపినవారికి ప్రభుత్వము వెండి నిచ్చెడిది. 1968 జూన్ 24తో ఆ యేర్పాటు ముగిసినది. రెండు డాలర్ల నోటుపై ముద్ర యెఱుపు. అది అమెరికా ప్రభుత్వము స్వయముగా వెలువరించిన నోటు. ఇపుడు చెల్లుబడిలోనున్న సాధారణపు నోట్లపై ముద్ర ఆకుపచ్చ.

రెండవది సంవత్సరము. నోటుపైనున్న సంవత్సరము అచ్చైన సంవత్సరమే కానక్కఱలేదు. అది యా వరుస పేరు. సంతకముచేయు అధికారి మాఱినపుడు సంవత్సరము ప్రక్కన నొక యక్షరమును చేర్చుదురు. మా డాలరు 1957 వరుసది, రెండవది 1963 వరుసది. మూడవది అంకె. అంకెచెంత నక్షత్రపు గుర్తున్నచో, అచ్చులో చెడిన నోటునకు బదులుగా వేసినదని యర్థము. అట్టివి తక్కువ గనుక ప్రియము. మనదేశమునను 2006 నుండి కొన్ని నోట్లకీ నక్షత్రపు పద్ధతి వచ్చినది. మిక్కిలి చిన్న అంకెకును, ఒకే అంకె వరుసగా వచ్చిన నోటునకును గిరాకి కలదు. మా నోట్లకివేవియు లేవు.

నాల్గవది స్థితి. నలుగని నోటునకు డెబ్బదివఱకు మార్కులు వేయు పద్ధతి యొకటి కలదట. ఒక్క మడత పడినను మార్కులు తగ్గును. చినిగినచోట అంటుకాగితము వేయుట, కడుగుట, ఇస్త్రీ చేయుట మిక్కిలి యపకారము. ఈ మాట వినినపుడు మేము తల వంచుకొంటిమి. భూతద్దములో చూడగా రెండు డాలర్ల నోటు కాగితము మెఱుగు పోయి చదునై యుండెను.

కడపటిది, అన్నిటికంటె ముఖ్యమైనది, ఎన్ని మిగిలియున్నవనునది. 1957 వరుస డాలర్లు వందలకోట్ల సంఖ్యలో అచ్చైనవి. వెండి వచ్చునని జనులు వానిని దాచుకొనిరి. అందఱును దాచినది అరుదెట్లగును? ఇందుకు భిన్నముగా 1890 వరుస వేయిడాలర్ల నోటొకటి కలదు. దాని వెనుక సున్నలు పుచ్చకాయలవలె నుండుటచే దానికి పుచ్చకాయనోటని పేరు వచ్చినది. మిగిలినవి వ్రేళ్లపై లెక్కింపదగినన్నియే. అందొకటి 2014లో వేలమున ముప్పదిరెండు లక్షల డాలర్లకు పైగా పలికినది. స్త్రీలమైన మనకు ముచ్చట గొలుపునది మఱియొకటి: 1886లో అమెరికా తన యొక డాలరు వెండిపత్రముపై తొలి యధ్యక్షుని భార్యయగు మార్తా వాషింగ్టను బొమ్మను వేసినది. అదియు సేకరించువారికి ప్రియమైనదే.

“అమ్మగారూ, ప్రకటనలో వ్రాసిన ధర ధర కాదండీ. వేలమున అమ్ముడుపోయినదే ధర” యని యాతడు చెప్పెను. మా జంగారెడ్డిగూడెమువారి కీ మాట క్రొత్త కాదు. మా యూర పొగాకుబోర్డువారి వేలము జరుగును. రైతు యేడాది చాకిరి యెంతదైనను, ఆకు రంగు, మచ్చ, మడత చూచి రకము కట్టుదురు. కొనువాడు పలికినదే వెల. ఆకునకు చెల్లిన న్యాయము కాగితమునకు చెల్లదని మేమెట్లు భ్రమపడితిమో!

మా రెండు నోట్లకును కలిపి అయిదారువందల రూపాయలకు మించి రాదని యాతడు తేల్చెను. కుంకుమబొట్టు కొనువారికి మచ్చయే యగునని కొంచెము జంకుచు చెప్పెను. అయినను ఒక విశేషము తెలిపెను. అమెరికా 1861 నుండి వెలువరించిన నోట్లన్నియు ముఖవిలువకు నేటికిని చెల్లునట. మా అత్తగారి డాలరు ఏబదియేండ్లు పుస్తకములో నిద్రించియు నేడును డాలరే.

అడుగున దొరకిన నాలుగు అయిదువందల నోట్ల గతి యట్లు కాదు. 2016 నవంబరు 8 రాత్రి అవి రద్దైనవి; డిసెంబరు 30 వఱకు బ్యాంకులో కట్టుటకు గడువుండెను. ఇపుడవి వట్టి కాగితములు. 2017 చట్టము ప్రకారము అట్టివి పదికి మించి యింట నుంచుకొనరాదు. పరిశోధనకును సేకరణకును మాత్రము ఇరువదియైదువఱకు నుంచుకొనవచ్చును. ఆ దినములలో మేము కట్టుటకు బ్యాంకు వరుసలో నిలిచితిమి. “మీయొద్ద నేమైన నున్నదా, అత్తయ్యా?” అని యడిగితిమి కూడ. “నాకెక్కడిదే తల్లీ?” అనిరి. పోపులపెట్టెలో కూడబెట్టిన రెండువేలు నలుగురి యెదుట తీయుటకు మొగమాటమో, అవసరమునకు చేతనుండవలెనను భయమో, మేము చెప్పజాలము.

తిరిగి వచ్చునపుడు బస్సులో మాకొకటి తోచినది. ఆమె మాకు చెప్పలేదు. మేము మావారికి చెప్పలేదు. ఆమె రెండువేలును, మా పందొమ్మిదివందల యేబదియు, చెప్పక దాచుటవలననే పోయినవి. స్త్రీ తనకంటూ నాలుగు రూపాయలు దాచుకొనుట తప్పని మేమనము. ఆ దాపు ఎన్ని యిండ్లను నిలిపెనో మేమెఱుగుదుము. కాని యింట నొక్కరికైనను, కోడలికో కూతురికో, ఆ చోటు చెప్పియుంచుడు. ఫోనులో నెవరైన మీ సొమ్ముకు పెద్దవెల కట్టి ముందు రుసుమడిగినచో, ఆ మాట ఆ పూటయే ఇంటివారి చెవిని వేయుడు.

రెండు డాలరు నోట్లను భాగవతములో అదేచోట నుంచితిమి. ఇస్త్రీ చేయుట మానితిమి. శ్రావణమున మరల బొట్టు పెట్టుదుము. ఎట్లును వెల తగ్గినదే గదా. గాజులలో నొకజతను మొన్న మాఘమున విడిపించితిమి. రెండవజత యింకను బ్యాంకులోనే యున్నది.