నాయన పంక్తిలో మళ్ళీ

గిద్దలూరు దాకా టికెట్టున్నా మార్కాపురం రోడ్డు స్టేషన్లోనే దిగాం, నేనూ నా భార్యా పాపా. పలక కోసం. పాపకు ఓనమాలు దిద్దించేది స్వామే కావాలని మా ఇద్దరి కోరిక. ఆ పలక మార్కాపురం రాతిది కావాలన్నది మాత్రం నా ఒక్కడి పట్టు.

మా నాన్న ఇక్కడి పలకల గనిలో పనిచేశాడు. రాతి అంచున ఉలి ఆనించి సుత్తితో చిన్నగా తడితే పొర లేచివచ్చేది. ఇప్పుడు ఊళ్లో ఎటు చూసినా నేలకూ గోడలకూ పరిచే రంగురాళ్లే. మూడో దుకాణంలో చెక్కచట్రం పలక దొరికింది. పాప దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. నాన్న చొక్కాకు ఉండే వాసన అదే.

కంభం మీదుగా బస్సు. గుండ్లకమ్మకు కొండల నడుమ కట్ట వేసి కట్టిన పాతకాలపు చెరువు గురించి పాపకు చెప్పబోతే నిద్రపోయింది.

గిద్దలూరు దాటి నల్లమల అంచుకు వెళ్తే కాశినాయన పేరుతో నడిచే అన్నదాన సత్రం ఒకటుంది. స్వామి ఉండేది అక్కడే. ఈ ప్రాంతంలో అలాంటివి చాలా ఉన్నాయి. కడప జిల్లా జ్యోతి క్షేత్రంలో 1995లో సమాధి అయిన ఆ అవధూత, పాడుబడ్డ గుళ్లను బాగుచేయించి, వాటి పక్కన పొయ్యి వెలిగించి వెళ్లాడు. కులం అడగరు, పని అడగరు. విస్తరి ముందు కూర్చుంటే చాలు.

2003లో నేను అలాగే కూర్చున్నాను. నాన్న పోయిన ఏడాది అది. చదువు ఆగింది, తమ్ముడితో మాటల్లేవు. రెండు పూటలు తిని వెళ్దామని వచ్చినవాణ్ణి ఎనిమిది నెలలు ఉండిపోయాను. పగలు కూరగాయలు తరగడం, వడ్డించడం; రాత్రి స్వామి తత్వాలు పాడి, ఒక్కో మాటకూ అర్థం విప్పేవారు. నాకూ కాషాయం ఇవ్వమని ఒకరోజు కాళ్లు పట్టుకున్నాను. ఆయన బస్సు చార్జీలు చేతిలో పెట్టి, "ఆడ మీయమ్మ ఒక్కతే నీళ్లు మోస్తాంది, పో నాయనా" అన్నారు. దారి పొడుగునా ఏడ్చాను. వెళ్లగొట్టారనే అనుకున్నాను, చాలా ఏళ్లు.

ఇప్పుడు ఆయనకు చూపు తగ్గింది. గొంతు విని పట్టేశారు.

"బాగుండావా నాయనా? అమ్మ?"

చెప్పడం మొదలుపెట్టాను. మా పల్లెల్లో బోరునీళ్లలో ఫ్లోరైడ్. అమ్మ మోకాళ్లు వంగవు. నాలుగేళ్లుగా హైదరాబాద్‌లో మా దగ్గరే ఉంది. ఆమెకు స్నానం చేయించేది నా భార్య. ఆ మాట దగ్గర స్వామి చెయ్యి చాచి "ఏదీ, నా తల్లి?" అన్నారు. ఆమె దగ్గరికి వస్తే తలమీద చెయ్యి పెట్టి చాలాసేపు తీయలేదు. నేను ఎంత సంపాదిస్తున్నానో అడగలేదు. ధ్యానం సంగతీ అడగలేదు.

"తమ్ముడు?"

ఆయనకు అది గుర్తుంటుందనుకోలేదు. అమ్మను ఆసుపత్రిలో చేర్చిన రాత్రి వాడే ఫోన్ చేశాడనీ, ఇప్పుడు పండక్కి వాడి పిలకాయలు మా ఇంట్లోనే ఉంటారనీ చెప్పాను. పొలం గట్టు తగాదా మాత్రం ఇంకా తెగలేదని కూడా చెప్పాను. ఆయన దగ్గర దాచడం ఎప్పుడూ చేతకాలేదు.

"గట్టు వాడికి ఇడిచిపెట్టు."

"సరే స్వామీ."

ఇరవై ఏళ్లుగా మోస్తున్న ఇంకో మాట ఉంది. ఆ రోజు మీరు పంపించకపోతే నాకు ఈ ఇల్లు ఉండేది కాదని చెబుదామనుకుంటూనే వచ్చాను. సగంలో గొంతు పూడుకుపోయింది. ఆయన పాపను ఒళ్లో కూర్చోబెట్టుకుని, బలపం పట్టిన ఆ చిన్న వేళ్లమీద తన వణికే వేళ్లు వేశారు. 'ఓ' వంకరగా వచ్చింది. చెరపనివ్వలేదు పాప.

అంతలో గంట కొట్టారు. కొండదారిలో ఆగిన లారీల వాళ్లు, మేకలు కాసే ఇద్దరు ముసలివాళ్లు, ఎవరో పెళ్లివాళ్లు వచ్చి వరసగా కూర్చున్నారు.

"పో, పంక్తి చూడు," అన్నారు స్వామి.

నేను అన్నం బకెట్టు అందుకున్నాను. నా భార్య మజ్జిగ తీసుకుంది. పాప పలకను గుండెకు హత్తుకుని, మూడో విస్తరి ముందు తనే వెళ్లి కూర్చుంది.