దాచవలసింది జబ్బు కాదు

విదేశయానమంటే డబ్బూ, పాస్‌పోర్టూ పదిసార్లు తడిమి చూసుకుంటాం. మరి మందుల సంగతో?

ఆ మధ్య నేనూ, నా చిన్ననాటి మిత్రుడూ మొదటిసారిగా వియత్నాం తీరంలోని డానాంగ్ నగరానికి వెళ్ళాం. 1919లో తెరిచిన మ్యూజియంలో పాతకాలపు చంపా రాజ్యంవారి శివలింగాలూ, వినాయకుడి విగ్రహాలూ చూసి మురిసిపోయాం. మర్నాడు ఎండెక్కకముందే పాలరాతి కొండలకు బయల్దేరాం. అవి ఐదు. లోహం, కొయ్య, నీరు, నిప్పు, మన్ను అని వాటి పేర్లు.

నీటికొండ మెట్లు సగం ఎక్కామో లేదో మిత్రుడికి ఒళ్ళంతా చెమటలు, చేతులు వణుకు, మాట తడబాటు. "పొద్దున ఏం తిన్నావురా?" అన్నాను. ఏమీ తినలేదు. చక్కెర జబ్బు మాత్ర మాత్రం వేసుకున్నాడు! ఆ జబ్బున్నట్టు డాక్టర్నైన నాకే చెప్పలేదు. సిగ్గట.

నాలుగు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి తాగించాను. పావుగంటలో తేరుకున్నాడు. తర్వాత కడుపునిండా తినిపించాను. చక్కెర జబ్బుకు చక్కెరా అని ఆశ్చర్యపోకండి. మాత్ర పనిచేస్తోంది, కడుపులో తిండి లేదు, పైగా కొండ ఎక్కే శ్రమ. దాంతో రక్తంలో చక్కెర పడిపోయింది.

మీరు ప్రయాణమైతే తిండి మానకండి. జేబులో చక్కెర పొట్లం, చేతిసంచిలో మందులు ఉంచుకోండి. అక్కడి గడియారం మనకన్నా గంటన్నర ముందుంటుంది. మందుల వేళలు బయల్దేరేముందే మీ డాక్టర్ని అడగండి. స్పృహ తప్పినవారి నోట్లో ఏమీ పోయకుండా వెంటనే ఆసుపత్రికి చేర్చండి.

అన్నిటికన్నా ముందు, తోడు వచ్చేవారికి మీ జబ్బేమిటో చెప్పండి. ప్రయాణంలో దాచుకోవలసింది డబ్బు, జబ్బు కాదు.