సోఫా మెత్తలు : మా ఇంట నేర్చుకున్న పాఠము

ప్రభుత్వ వైద్యశాలలలో ముప్పై ఏళ్ళకు పైగా పనిచేసి పదవీ విరమణ చేసిన తరువాత నేను మొదట చేసిన గృహకార్యము సోఫా కొనడము. రక్తపోటు, మధుమేహము, గుండెజబ్బుల గురించి వ్రాసే చోట సోఫాల ప్రసక్తి ఏమిటని పాఠకులు అనుకోవచ్చు. ఆ కొనుగోలులో నేను చేసిన పొరపాటు మా ఇంట ఇద్దరిని బాధించింది. ఒకరు మా అమ్మ, మరొకరు మా మనుమడు. అందుచేత ఈ సంగతి వ్రాయక తప్పదనిపించింది.

మా నాన్నగారి కాలములో కాకినాడలోని మా ఇంటి హాలులో టేకు కుర్చీలు, ఒక పడక కుర్చీ, గోడవారగా నవారు మంచము ఉండేవి. కుర్చీల మీద బూరుగుదూది మెత్తలు వేసేవారు. వేసవి రాగానే మెత్తలు, పరుపులు, దిండ్లు అన్నీ డాబా మీదకు చేరేవి. గలేబులు ఉతుకుకు వెళ్ళేవి. దూది ఉండలు కట్టితే దూదేకేవారిని పిలిపించి ఏకించి, మళ్ళీ కుట్టించేవారు. ఎవరూ శాస్త్రము చదివి చేసిన పని కాదది. అయినా, మనిషి ఒంటికి తగిలే వస్తువు ఏదైనా విప్పడానికి, ఉతకడానికి, ఎండబెట్టడానికి వీలుగా ఉండాలన్న తెలివి అందులో ఉన్నది. ఆ తెలివి నాకు దుకాణములో గుర్తుకు రాలేదు.

అక్కడ ఒకే కొలతలో రెండు సోఫాలు చూపించారు. ఒకదానికి కుషన్లు చట్రముతో కలిపి కుట్టి, అడుగున పిన్నులు కొట్టి బిగించి ఉన్నాయి. రెండవదాని కుషన్లు విడివిడిగా ఎత్తి తీయవచ్చు. మా ఆవిడ రెండవదాని దగ్గరే నిలబడి, “ఇదైతే గలేబులు తీసి ఉతుక్కోవచ్చండీ” అన్నది. నాకు మొదటిది నచ్చింది. ముడత లేదు, జారడము లేదు, చూపుకు పొందికగా ఉన్నది. “రోజూ మెత్తలు సర్దుకుంటూ కూర్చుంటామా?” అని మాట అక్కడితో తెంచేశాను. లేత గోధుమరంగు బట్ట తొడిగిన ఆ సోఫా మా హాలులోకి వచ్చింది.

అమ్మకు అప్పటికి 83 ఏళ్ళు. కిటికీ వైపు మూల ఆమెకు స్థిరపడింది. సాయంత్రము దేవుని దగ్గర దీపము పెట్టి, అక్కడ కూర్చుని టీవీలో ప్రవచనము వినేది. వానాకాలము సగములో ఉండగా ఆమె హాలులోకి రావడము మానివేసింది. వరండాలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చునేది. “లోపలికి వచ్చి కూర్చోవచ్చు కదమ్మా” అంటే, “ఇక్కడ గాలి బాగుందిరా అబ్బాయీ” అనేది. నేను నమ్మాను. వానజల్లు పడుతున్న సాయంత్రాలలో కూడా ఆమె అక్కడే ఎందుకు కూర్చుంటున్నదని ఆలోచించలేదు.

హాలులో ఏదో వాసన వస్తున్నదని నేను విసుక్కుంటే, ఒక రాత్రి మా ఆవిడ అసలు విషయము చెప్పింది. “మీతో చెప్పవద్దని అత్తయ్యగారు నాచేత ఒట్టు వేయించుకున్నారు. సోఫాలోనుంచి లేచేలోపలే రెండుసార్లు ఆవిడకు మూత్రము పడిపోయింది. తడిగుడ్డతో తనే తుడుచుకున్నారు. మూడోసారి కాకూడదని వరండాలోకి మారిపోయారు.”

కొడుకు ముచ్చటపడి కొన్న వస్తువును పాడు చేశానన్న సిగ్గుతో మా అమ్మ నాలుగు నెలలు వరండాలో గడిపింది. ‘దగ్గితే, తుమ్మితే మూత్రము పడుతున్నదా? ఆపుకోలేకపోతున్నారా?’ అని ఎందరో వృద్ధ స్త్రీలను అడిగిన వైద్యుడిని నేను. నా ఇంట్లో ఉన్న మనిషిని ఆ ప్రశ్న ఒక్కసారైనా అడగలేదు.

మరునాడు ఆమె దగ్గర కూర్చుని అడిగాను. మొదట మాట దాటవేసింది. తరువాత, “వయసు మీద పడ్డాక ఇవన్నీ ఉండేవేలేరా” అన్నది. చాలామంది ఇలాగే అనుకుని ఊరుకుంటారు. మూత్రముపై అదుపు తప్పడము వయసుతో పెరిగే బాధే కాని, వయసు వచ్చింది కనుక భరించవలసిన బాధ కాదు. మూత్రములో సూక్ష్మజీవుల సోకు, మలబద్ధకము, అదుపులో లేని మధుమేహము, కటిభాగపు కండరముల బలహీనత, కొన్ని మందులు దీనికి కారణములు కావచ్చు. వెదికితే వీటిలో సరిదిద్దదగినవి కొన్నైనా దొరుకుతాయి. అమ్మ రక్తపోటుకు వేసుకునే మాత్రలలో మూత్రమును ఎక్కువ చేసేది ఒకటి ఉన్నది. దానిని ఆమె సాయంత్రము వేసుకుంటున్నది. ప్రవచనము వినే వేళకు ఆ మందు పని చేసేది! దానిని ఉదయానికి మార్చాము. మలబద్ధకమునకు చికిత్స చేశాము. అవసరము కలిగినా కలగకున్నా రెండు గంటలకొకసారి మరుగుదొడ్డికి వెళ్ళే అలవాటు చేశాము. బాధ పూర్తిగా పోలేదు కాని చాలా తగ్గింది.

సోఫా సంగతి మిగిలింది. పైబట్టను ఎన్నిసార్లు తుడిచినా వాసన పోలేదు. దానికి కారణమున్నది. కుషన్ల లోపల ఉండే ఫోము, మనము వాడుకలో స్పాంజి అనేది, ద్రవమును లోపలికి పీల్చుకుంటుంది. మూత్రములోని యూరియాను సూక్ష్మజీవులు విడగొట్టినప్పుడు అమోనియా వెలువడుతుంది. పైన తుడిచే తడిగుడ్డ ఆ లోతుకు చేరదు. పైగా ఆ తడి కూడా లోపలికే దిగి, గాలి తగలక, వానాకాలములో బూజుకు తావిస్తుంది.

ఆ దసరా సెలవులకు మా ఆరేళ్ళ మనుమడు వచ్చాడు. పిల్లవాడికి ఉబ్బసపు లక్షణములు మునుపే ఉన్నాయి. ఇక్కడ పగలంతా సోఫా మీద దొర్లి, రాత్రి తుమ్ములతో, పిల్లికూతలతో నిద్రపోయేవాడు కాదు. వాడికి చర్మముపై పరీక్ష చేయించగా ఇంటి ధూళిలోని పురుగులు పడవని తేలింది. కంటికి కనిపించని ఈ సూక్ష్మకీటకములకు ఎనిమిది కాళ్ళుంటాయి. పొడవు సుమారుగా మిల్లీమీటరులో మూడవ వంతు ఉంటుంది. ఇవి కుట్టవు, కరవవు. మన చర్మము నుంచి రాలే పొట్టును తిని, గాలిలోని తేమను పీల్చుకుని బ్రతుకుతాయి. వీటి విసర్జనలు, మృత శకలములు ధూళితో కలిసి ముక్కులోకి చేరినపుడు సరిపడనివారికి తుమ్ములు, ఆయాసము వస్తాయి. ఇంటి ధూళి పడకపోవడమునకు ఈ కీటకములతో ఉన్న సంబంధమును నెదర్లాండ్స్‌లోని లైడెన్ నగర పరిశోధకులు 1960వ దశకములో వెల్లడించారు. పరుపులు, దిండ్లు, బట్ట తొడిగిన సోఫాలు వీటికి అనువైన నివాసములు. సముద్రతీరపు తేమ వీటికి మరింత అనుకూలము. మా వాడి ఆయాసమునకు ఆ సోఫా ఒక్కటే కారణమని నేను అనను. కాని, ఉతకడానికి వీలులేని అంత పెద్ద వస్తువును వాడికి ఆటస్థలముగా పెట్టినవాడిని మాత్రము నేనే.

చివరకు సోఫాలు బాగుచేసే పనివాడిని పిలిపించాను. అతడు అడుగు పిన్నులు ఊడదీసి బట్ట తొలగించగా, అమ్మ కూర్చున్న మూలలో ఫోము నల్లగా మచ్చలు కట్టి ఉన్నది. “పారేయాల్సిందేనండి డాక్టరుగారూ, ఇది కడిగితే పోయేది కాదండి” అన్నాడు. కొత్త ఫోముతో విడి కుషన్లు చేయించాము. ప్రతిదానికి జిప్పు ఉన్న గలేబులు రెండేసి జతలు కుట్టించాము. అమ్మ మూలలోని కుషన్‌కు గలేబు లోపల తడి దిగని తొడుగు ఒకటి అదనముగా వేయించాము.

విడి మెత్తలలోనూ ఒక ప్రమాదమున్నదని అప్పుడు తెలిసింది. మొదటి వారములోనే అమ్మ లేవబోతూ మెత్త అంచు మీద చేతులు ఆన్చగా, అది ముందుకు జారింది. మా ఆవిడ పక్కనే ఉండడము వలన పడలేదు. ఆ వయసులో ఒక్క పాటు తుంటి ఎముక విరగడానికి చాలు. వెంటనే మెత్తల అడుగున, చట్రము మీద వెల్క్రో పట్టీలు కుట్టించాము. అప్పటినుంచి గట్టిగా లాగితే ఊడివచ్చేవి, మనిషి బరువుకు జారేవి కావు.

కనుక కుట్టినవి మంచివా, విడదీసేవి మంచివా అని నన్నెవరైనా అడిగితే, మీ ఇంట ఎవరెవరు కూర్చుంటారని ముందు అడుగుతాను. పసిపిల్లలు, వృద్ధులు, ఉబ్బసము ఉన్నవారు ఉంటే గలేబు ఊడదీసి ఉతికే వీలున్నవే మేలు. ధూళి పురుగులు చావడానికి 60 డిగ్రీల సెంటీగ్రేడు వేడినీళ్ళు కావాలి. అందుచేత ఆ వేడికి రంగు పోని, కుంచించుకుపోని బట్టను ఎన్నుకోవాలి. గలేబులను ఎండలో ఆరవేయవచ్చు. ఫోమును మాత్రము బూరుగుదూది మెత్తలా రోజంతా ఎండలో పెట్టకూడదు. పసుపుపచ్చబడి, పొడిపొడిగా రాలిపోతుంది. నీడలో, గాలి తగిలేలా నిలబెట్టాలి. రెండు వైపులా ఒకేలా ఉన్న కుషన్లను అప్పుడప్పుడు తిరగవేస్తూ ఉంటే ఒకే చోట గుంటపడవు.

కుట్టిన మెత్తలు పనికిరానివని నా ఉద్దేశము కాదు. బరువైన మెత్తలు ఎత్తి సర్దలేని ఒంటరి వృద్ధులకు, తుడిస్తే శుభ్రపడే రెగ్జిన్ తొడిగిన కుర్చీలు వాడేచోట అవే నయము. అయితే రెగ్జిన్ చిరిగినా, కుట్లు విడినా వెంటనే బాగుచేయించాలి. తడి ఆ దారినే లోపలికి దిగుతుంది.

ఏ రకము కొన్నా, ఇంటి పెద్దలను దుకాణమునకు తీసుకువెళ్ళి కూర్చోబెట్టి చూడండి. పాదములు నేలకు పూర్తిగా ఆనాలి. మోకాళ్ళు తుంటి కంటె పైకి లేవకూడదు. లోతుగా దిగబడే మెత్తలో కూర్చోవడము హాయి, లేవడము కష్టము. మూత్రము ఆపుకోలేనివారికి లేవడములో అయ్యే ఆలస్యమే బట్టలు తడవడానికి కారణమవుతుంది. మా అమ్మకు జరిగిందీ అదే. చేతులు ఆన్చి లేవడానికి గట్టి చేతులు సోఫాకు ఉండి తీరాలి.

అమ్మ ఆ తరువాత మూడేళ్ళు బ్రతికింది. ఆ మూడేళ్ళూ సాయంత్రములు తన మూలలోనే కూర్చున్నది. ఎప్పుడైనా గలేబు తడిస్తే, “ఇది మార్చవే అమ్మాయీ” అని కోడలితో మామూలుగా చెప్పేది. ఆమె ఆ మాట సిగ్గుపడకుండా చెప్పగలిగినప్పుడే నేను చేసిన వైద్యము ఫలించిందని నాకు అనిపించింది.

మీ ఇంట పెద్దవారు ఎవరైనా ఉన్నట్లుండి నలుగురిలో కూర్చోవడము మానుకుంటే, గాలి కోసమని వారు చెప్పినా, పక్కన కూర్చుని కారణము అడగండి.